చెరువులో కలిపిన టేకు చేప పేగులు

విశాఖపట్నం,
ఏప్రిల్ 6, 2025.

అత్తమ్మకు,

నేను క్షేమంగా చేరాను. నీ పులుసు డబ్బా మాత్రం క్షేమంగా చేరలేదు. రైల్లో మూత ఊడి నా పుస్తకాల్లో సగం పులుసు తాగాయి. గదిలోకి వచ్చిన ప్రతి పిల్లా "ఇవాళ మెస్సులో చేపలా?" అని అడిగి, నిరాశగా వెళ్లిపోతోంది.

ఈ కాలంలో ఉత్తరం ఏంటని పోస్టాఫీసు ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఏం చెయ్యను, ఫోన్‌లో నీకు వినబడదు. చెవి మిషన్ ఈల వేస్తోందని డబ్బాలో దాచావు. నీ కొడుకు క్రాంతి బావ నా మాటలు నీ చెవిలో అరిచి చెప్తే, నీకంటే ముందు గల్లీకి తెలుస్తాయి.

అసలు సంగతికి వస్తాను. సెలవులకు వచ్చినప్పుడు రాంనగర్ చేపల మార్కెట్ నుంచి ఒక టేకు చేప తెచ్చాను చూడు, చాటంత వెడల్పు, కొరడాలాంటి తోక, తోక మీద ముల్లు. మామ దాన్ని తిరగేసి మరగేసి "గిది చేపనా, గొడుగా?" అన్నాడు. పెరట్లో నీ బట్టల బండ మీద దాని పేగు కోసి పురుగులు ఏరాను. అప్పుడు నీకు సరిగ్గా చెప్పలేదు. మూడేళ్లుగా నేను చేస్తున్న చదువు అదే.

టేకు పేగు లోపల గొట్టంలా ఉండదు, మెలిమెట్లలా చుట్టుకుని ఉంటుంది. ఆ మెట్ల మీద బద్దెపురుగులు కాపురం ఉంటాయి. సేమియా తునకంత. అద్దం కింద పెట్టి చూస్తే తల మీద నాలుగు ఆకులు, ఒక్కో ఆకుకి ఒక జత కొక్కేలు, ఒక్కో కొక్కెం జింక కొమ్ములా చీలి ఉంటుంది. వాటితో పేగు గోడని పట్టుకుంటాయి. ఈ రకం టేకులో ఉండే పురుగు మామూలుగా ఆ రకం టేకులో ఉండదు. వాటిని ఏరి, ఎర్రరంగు వేసి, గాజుపలక మీద పరిచి, బొమ్మ గీసి, ఇది ఫలానా అది ఫలానా అని విడదీయడం నా పని. పాతవాళ్లు ఒకే పురుగుకి నాలుగు పేర్లు, నాలుగు పురుగులకి ఒకే పేరు పెట్టి పోయారు. ఆ చిక్కు విప్పడానికే మా మేడమూ నేనూ కళ్లు పోగొట్టుకుంటున్నాం.

ఇప్పుడు విను. ఆ టేకులోనే కొత్త పురుగు దొరికింది అత్తమ్మా. మేడం రెండుసార్లు చూసి, ఇంతవరకూ దీని గురించి ఎవరూ రాసినట్టు లేదు అంది. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు, నిద్ర లేదు, కడుపులో ఏదో తిరుగుతున్నట్టే ఉంది.

హడావుడిగా స్టేషన్ బస్సెక్కి, మిగిలిన పేగుల టబ్బు పెరట్లోనే వదిలేశాను. వాసనకి నన్ను బాగానే తిట్టుకుని ఉంటావు. పాతిపెట్టావా?

మామనీ బాపునీ అడిగానని చెప్పు.

నీ
అనురాధ


ఇబ్రహీంపట్నం,
14 ఏప్రిల్.

బిడ్డా అనురాధా,

నీ ఉత్తరం వచ్చిన కాంచి నాకు మనసున పడ్తలేదు. కడుపుల పురుగు తిరుగుతుంటె మూడు పేజీలు రాసుకుంట కూసున్నవా? అంగన్‌వాడీ భాగ్యను అడిగి నులిపురుగుల గోలీలు రెండు తెచ్చిన. కవర్ల పెట్టిన, చూస్కో. అన్నం తిన్నంక నములు. చేపల్ల చేతులు పెట్టి మంచిగ కడుక్కోకుంటె గట్లనే అయితది. ఇంత చదివినవ్, గంత తెల్వదా?

ఇంకోటి. నీ తెలుగు మారింది. చేరాను, తెచ్చాను, చెప్పాను అని రాస్తున్నవ్. చదువుతుంటె టీవీల వార్తలు చదివే పిల్ల నన్ను అత్తమ్మా అని పిలిచినట్లుంది. మామకు చదివి వినిపిస్తే "ఎవలా ఆఫీసరు?" అన్నడు.

పేగుల సంగతి అడిగినవ్. పాతిపెడ్తరా ఎవలన్న? మనింట్ల చేప పేగులు పెంటల పడెయ్యం. నీళ్లల్ల పుట్టింది నీళ్లకే పోవాలె అని మా అత్త చెప్పేది, నేను ఈ ఇంటికొచ్చిన కాంచి గదే చేస్తున్న. గని నీది సముద్రం చేపాయె. దానికి సముద్రం యాడికెళ్లి తేవాలె? టబ్బు నెత్తిన పెట్టుకొని పోయి, జర పసుపు చల్లి, చెరువుల కలిపిన. ఇదే నీ సముద్రం అనుకో తల్లీ అని చెప్పిన. తప్పు లేదు కద?

బజార్ల చేపలు అమ్ముకుంట నీ గురించి మస్తు చెప్తున్న. మా మేనకోడలు చేపల్ల పురుగులు తీసుడు చదువుతాంది, డాక్టర్ అయితదట అని. ఏందో, విన్నోళ్లు మొహం చిన్నగ చేసుకొని, మల్లొస్త అని పోతున్నరు. ఓర్వలేనితనం. ఎదురుంగ చికెన్ సెంటర్ నగేష్ అయితే "అత్తా, ఇంక గట్టిగ చెప్పు" అంటున్నడు. వాడొక్కడే మంచోడు.

గోలీలు వేసుకున్నంక ఎట్లున్నదో రాయి.

మీ అత్త
ఈదమ్మ


విశాఖపట్నం,
ఏప్రిల్ 22.

అత్తమ్మకు,

గోలీలు అందాయి. మింగలేదు. పురుగు నా కడుపులో కాదు, టేకు కడుపులో. నాకు తిరిగింది సంతోషం. అది గోలీలతో పోయేది కాదు.

నువ్వు మా కోడలు డాక్టర్ అని చెప్పుకో, కాదనను. చేపల బుట్ట ముందు కూర్చుని పురుగులు అనే మాట మాత్రం అనకు. మొహం చిన్నబుచ్చుకుని పోయేవాళ్లది ఓర్వలేనితనం కాదు, వాళ్లు పోయేది నగేష్ దగ్గరికి. గట్టిగా చెప్పమంటున్నాడంటే ఊరికే అంటున్నాడా?

పేగులు చెరువులో కలిపినందుకు ఏం కాదులే. చేపలు తిని ఉంటాయి.

ఇక్కడ సముద్రం మీద వేట నిషేధం మొదలైంది. జూన్ నడిమి దాకా పడవలన్నీ ఒడ్డునే. హార్బర్‌లో ఐసు గడ్డల చప్పుడు లేక బోసిపోయింది. నాకు కొత్త టేకులు రావు. పాత సీసాలు ముందేసుకుని, గీసిన బొమ్మలే మళ్లీ గీస్తున్నాను. కాలు ఒక్కచోట నిలవక మేడ మీద తిరుగుతుంటే వార్డెన్ వచ్చి ఏమైనా ప్రేమ వ్యవహారమా అని అడిగింది. అవును, బద్దెపురుగుతో అన్నాను. ఆమె కూడా నీలాగే గోలీలు తెచ్చిస్తుందేమో చూడాలి.

ఈ పురుగు బతుకు చెప్తే నవ్వుతావు. గుడ్లు టేకు పేగులోంచి నీళ్లలో పడతాయి. వాటిని ఏ చిన్న రొయ్యో నత్తో మింగుతుంది. దాన్ని చిన్న చేప మింగుతుంది. పిల్లపురుగు ఆ చేపలో ముడుచుకుని కూర్చుంటుంది, ఎప్పుడు టేకు వచ్చి తింటుందా అని. తింటే పెద్దదవుతుంది, లేకపోతే అంతే. నేను ఇబ్రహీంపట్నం నుంచి ఇక్కడి దాకా రావడానికి మారిన బస్సులు, రైళ్లు దీని ముందు ఎంత?

కొత్త పురుగు విషయం గట్టిపడింది. నిషేధానికి ముందు ఇక్కడి హార్బర్‌కి వచ్చిన టేకులోనూ అదే ఉంది. దానికి పేరు పెట్టాలి. మొదటిసారి కనబడింది నీ బట్టల బండ మీద కాబట్టి, పేరులో ఇబ్రహీంపట్నం ఉంటే ఎట్లా ఉంటుంది? మేడం నవ్వింది, కాదనలేదు. ప్రపంచంలో ఎవరు ఆ పురుగు గురించి రాసినా మన ఊరి పేరు రాయాల్సిందే.

నువ్వేమంటావో రాయి.

నీ
అనురాధ


ఇబ్రహీంపట్నం,
5 మే.

అనురాధా,

ఊరి పేరు పెట్టకు. ముందుగాల అది రాస్తున్న. పురుగుకు మన ఊరు పేరు పెట్టకు. ఎందుకో ఇగ చదువు.

నిన్న ఐతారం. చర్చి వెనక ఉండే సుసన్న తెలుసు కద, ఐతారం ఐతారం నా దగ్గరనే పరక చేపలు కొంటది. పొద్దుగాల తీస్కపోయింది, పదింటికి మల్ల వచ్చింది. చేతుల స్టీలు గిన్నె. గిన్నెల తెల్లటి పట్టీ. బెత్తెడు పొడుగు, లంగా బొందె తీరు, బల్లపరుపుగ. ఇంకా కదుల్తుంది. "ఈదమ్మక్కా, నీ పరక పొట్టల ఎల్లింది, ఏందిది?" అన్నది. ఆమె మెల్లగనే అన్నదట. నాకు వినబడకపోయె. మల్ల అడిగిన, మల్ల చెప్పింది, మూడోసారి అరిసింది. బజారంత ఆగింది.

ఎవలో అన్నరు, ఈమె కోడలు గద పురుగుల చదువు చదివేది అని. ఇంకెవలో, ఆ నాడు ఈమెనే టబ్బు నెత్తిన పెట్టుకొని పోయి చెరువుల ఏందో కలిపింది, నేను చూసిన అన్నరు. నగేష్ బయటికొచ్చి "మా కోళ్లల్ల పురుగులుండయ్, రాండ్రి" అన్నడు. మాపటికల్ల ఫోన్లల్ల తిరిగిందట. ఈదమ్మ కోడలు సముద్రం పురుగులు తెచ్చి పెద్దచెరువుల ఇడిసిందని.

పొద్దున వీరస్వామి మన చేపలోళ్ల సంఘం కూసోబెట్టిండు. ఆయన అధ్యక్షుడు, ఆయన సుత ఏం చేస్తడు. సంగతి తేలేదాక మీ మామ కాశయ్య చెరువుల వల దించొద్దు, మిరుగం కార్తె నాడు ఈదమ్మ గంప పెట్టొద్దు అన్నరు. తేలకపోతె ఎవ్వలి చేప అమ్ముడుపోదు, ఊరంత మునుగుతది అన్నరు. మిరుగం నాడు ఊర్లె ప్రతి ఇంట్ల చేప ఉడకాలె. ఏడాదిల ఆ ఒక్క దినం మా దినం. నీకు తెల్వదా?

మామ వల ముందటేసుకొని, చిరగని కాడ సుత కుడుతున్నడు.

నాకు ఒక్కటి చెప్పు. ఏం కాదులే అని రాసినవ్. చేపలు తిని ఉంటాయి అని రాసినవ్. ఆ కిందనే, పిల్లపురుగులు నత్తల్ల ఉంటయి, చిన్న చేపల్ల ముడుచుకొని కూసుంటయి అని రాసినవ్. మన చెరువుల నత్తలు లేవా? పరకలు చిన్న చేపలు కావా? నీ ఉత్తరం పక్కకు పెట్టుకొని చదివిన. రెండు మాటలు కలుస్తలేవు బిడ్డా.

ఈదమ్మ


విశాఖపట్నం,
మే 10.

అత్తమ్మా,

నువ్వు అడిగింది సరైన ప్రశ్న. ఏం కాదులే అని నేను ఆలోచించకుండా రాశాను.

ఇప్పుడు ఆలోచించి రాస్తున్నాను. ఆ టేకు ఐసులో రోజుల తరబడి ఉన్నది. నేను ఏరినప్పటికే పురుగులు చచ్చి ఉన్నాయి. ఉప్పునీళ్ల పురుగు గుడ్లు మంచినీళ్లలో పడితే మామూలుగా ఉబ్బి పగిలిపోతాయి. పగలకపోయినా వాటికి సముద్రపు నత్త కావాలి, సముద్రపు చిన్న చేప కావాలి. అదీ కాక, బెత్తెడు పట్టీ ఒక్క నెలలో పెరిగిందంటే నాకు నమ్మకం కుదరడం లేదు.

ఇవన్నీ నేను మేడంకి చెప్పాను. ఆమె అంతా విని, "తల చూశావా?" అంది. అంతే. మా పనిలో తల చూడకుండా పేరు చెప్పకూడదు. బావ పంపిన ఫోటోలో స్టీలు గిన్నె మెరుస్తోంది, నీ బొటనవేలు బాగా వచ్చింది, పురుగు మాత్రం తెల్లగీతలా ఉంది. కాదని నా మనసు చెప్తోంది. కానీ అది మా అత్తమ్మ గంప గురించి భయపడుతున్న మనసు. దాని మాట నేను నమ్మకూడదు.

కాబట్టి ఇట్లా చెయ్యి. అదే చెరువు పరకలు కొన్ని, పొట్ట ఉబ్బినవి చూసి తీసుకో. జాగ్రత్తగా పొట్ట కొయ్యి. పట్టీ కనబడితే లాగకు. అది పేగు లోపల ఉందా, పేగు బయట పొట్టలో ఉందా, అది చూసి రాయి. ఇది చాలా ముఖ్యం. తెగకుండా తీసి, స్పిరిట్‌లో వెయ్యి. ఉప్పు వద్దు, ఎండబెట్టొద్దు, ఫినాయిల్ అసలే వద్దు. బావని రైలెక్కించి పంపు.

మామకి చెప్పు. కాదు, ఏం చెప్పాలో నాకు తెలియదు. వల కుట్టనివ్వు.

అనురాధ


ఇబ్రహీంపట్నం,
15 మే.

అనురాధా,

క్రాంతి చేతుల సీసా పంపుతున్న. స్పిరిట్ దొరకలే. మందుల దుకాణంల ఎందుకమ్మా అని అడిగితె పురుగులకు అని చెప్పబోయి నోరు మూసుకున్న. కరోనాల తెచ్చిన శానిటైజర్ సజ్జ మీద ఉండె, నీళ్ల తీరుది. దాంట్ల వేసిన. పనికొస్తదో లేదో. రెండు పట్టీలున్నయి.

పేగు బయటనే ఉన్నయి. పొట్టల పేగుల చుట్టు చుట్టుకొని ఉన్నయి. పేగు సుత కోసి చూసిన, లోపట ఏం లేదు. భాగ్యను పిలిచి చూపించిన, ఆమె సుత గదే అన్నది.

ఒక్క మాట. మా మీది ప్రేమతోని ఏం కాలేదు అని రాయకు. మన తప్పైతె తప్పే అని రాయి. మామ పోయి సంఘంల చెప్తడు, మిరుగం పోతె పోనియ్. గని అబద్ధం చెప్పి అమ్మిన చేప రేపు ఎవ్వలి పిల్లగాండ్ల పొట్టల పడుతదో, గా భయంతోని నేను గంప ముందట కూసోలేను.

క్రాంతికి అన్నం పెట్టు. వాడు నీ కాడ సిగ్గుపడుతడు, అడగడు.

ఈదమ్మ


విశాఖపట్నం,
మే 18.

అత్తమ్మా,

మనది కాదు. మన తప్పు కాదు. ముందుగాల అదే రాస్తున్న.

శానిటైజర్ మంచిగ పనికొచ్చింది. మేడం వాసన చూసి నవ్వింది. ఇప్పుడు కుదురుగా రాస్తాను.

నిన్న పొద్దున సీసా మూత తీసి, పట్టీని పళ్లెంలో పరిచి, తలకోసం వెతికాను. నా టేకు పురుగు తల మీద నాలుగు ఆకులు, జతల కొక్కేలు ఉంటాయని రాశాను కదా. దీనికి ఆకులు లేవు. కొక్కేలు లేవు. అసలు ఇది తల అని చెప్పుకోదగ్గ తలే లేదు. ఒక కొస కాస్త సన్నబడి, అటూ ఇటూ రెండు గాడులు, అంతే. రెండో పట్టీ కూడా అట్లాగే ఉంది. మేడం చూసింది, నేను మళ్లీ చూశాను. మేడం మళ్లీ చూసి, "మీ అత్తమ్మకి రాసెయ్" అంది.

ఇది కూడా బద్దెపురుగే. కానీ టేకు పురుగుకీ దీనికీ ఉన్న చుట్టరికం ఎంతంటే, నీకూ పోస్టాఫీసు ఆయనకీ ఉన్నంత. ఇది కొంగల పురుగు. పరక పొట్టలో పిల్లగా ఉంటుంది, పేగు బయటే ఉంటుంది, నువ్వు చూసినట్టే. ఆ పరకని కొంగో నీటికాకో తింటే, దాని పేగులో పెద్దదై గుడ్లు పెడుతుంది. కొంగ ఏ చెరువు మీద రెట్ట వేస్తే ఆ చెరువుకి వస్తుంది. ఏళ్లపాటు ఎండిన చెరువు మళ్లీ నిండాక కొంగలు ఎన్ని వచ్చాయో నువ్వే చెప్పేదానివి. కొంగ చేసిన పనికి నువ్వు మాట పడ్డావు. దీని పేరు ఎప్పుడో పెట్టేశారు, నాకు ఆ పని కూడా లేదు.

పొట్ట శుభ్రం చేసి, పట్టీ తీసేసి, బాగా ఉడికించి తింటే మనిషికి ఏమీ కాదు. ఇది నీ మీది ప్రేమతో రాస్తున్నది కాదు. మేడం కూడా కింద సంతకం పెట్టింది, చూడు.

అయినా వీరస్వామి మామ నమ్మడు. నీ కోడలు నీ దిక్కే రాస్తది అంటాడు. అందుకని రెండు బొమ్మలు గీసి పంపుతున్నాను, గోడ క్యాలెండరంత పెద్దవి. ఒకటి టేకు పురుగు తల, ఒకటి కొంగ పురుగు తల. ఇంకో పని కూడా చెయ్యి. మనం ఏమీ కలపని చెరువు, కందుకూరు దిక్కుదో మహేశ్వరం దిక్కుదో, అక్కడి పరకలు తెప్పించి, సంఘం ముందే కొయ్యి. అక్కడా ఈ పట్టీ కనబడుతుందనే నా నమ్మకం. కనబడకపోతే బొమ్మలే మనకి దిక్కు.

బావ సిగ్గుపడలేదు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. అద్దంలో టేకు పురుగు తల చూపిస్తే "మస్తు కోపంగున్నది, నీ తీరే" అన్నాడు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. పోస్టు మీద నాకు నమ్మకం లేదు ఇవాళ.

పెద్ద ఫికర్ పోయింది అత్తమ్మా. ఇగ అన్నం తింట.

నీ
అనురాధ


విశాఖపట్నం, జూన్ 2.

అత్తమ్మా, కార్డు మీద రాస్తున్నాను, అందరూ చదివినా పరవాలేదు. సంఘం ఏమన్నది? కందుకూరు పరకలు కోశావా? బావకి ఫోన్ చేస్తే "అమ్మనే రాస్తదట, నన్ను చెప్పొద్దన్నది" అని పెట్టేస్తున్నాడు. మిరుగం ఆదివారమే. ఇక్కడ నేను మేడ మీద తిరుగుతుంటే వార్డెన్ ఇప్పుడు ఏమీ అడగడం లేదు, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. వెంటనే రాయి. అనురాధ.


ఇబ్రహీంపట్నం,
9 జూన్.

బిడ్డా అనురాధా,

క్రాంతిని చెప్పొద్దన్నది నిజమే. వాడు సగం చెప్పి సగం నవ్వుతడు. ఇది నేను రాయవలసిన సంగతి.

సంఘం రెండుసార్లు వాయిదా పడ్డది. ఆఖరికి పోయిన బేస్తారం కూసున్నరు. నీ బొమ్మలు రెండు గోడకు కొట్టిన. నువ్వన్నట్లనే వీరస్వామి "నీ కోడలు గీసింది, నీ తీరుగనే గీస్తది" అన్నడు. నాకు ముందే తెలుసు కద, జవాబు కొంగుల కట్టుకొనే పోయిన. "సరే అన్నా, కందుకూరుల మీ బామ్మర్ది పట్టే చెరువు చేపలు తెప్పియ్యి. ఆడికి నేను టబ్బు మోసుకొని పోలే కద" అన్న. అందరు నవ్విండ్రు. ఆయనకు తెప్పియ్యక తప్పలే.

క్రాంతి బండి మీద పోయి తెచ్చిండు. పీట వేసుకొని అందరి నడుమ కూసున్న. మొదటిది కోసిన, ఏం లేదు. రెండోది, ఏం లేదు. ఇంకా కోసిన, కోసిన. నువ్వు నమ్మకం అని రాసినవ్ గని ఖాయం అని రాయలే, గది యాదికొచ్చింది. బుట్ట అడుగుకు వచ్చినంక, పొట్ట ఉబ్బిన పరక ఒకటి దొరికె. కోస్తె తెల్లపట్టీ. పేగు బయటనే, చుట్టుకొని. పట్టీని పళ్లెంల పెట్టి వీరస్వామి ముందటికి జరిపిన.

గప్పుడు ఎల్లేశ్ తాత, ఇంతసేపు బీడీ తాగుకుంట కూసున్నాయన, లేచి చూసిండు. "గిదా, దీన్ని మేం నార అనేటోళ్లం. చిన్నప్పుడు మా అవ్వ తీసి పారేసి కూరొండేది" అన్నడు. ముందుగాలనే ఎందుకు చెప్పలే తాతా అంటె, "మీరు సముద్రం పురుగు అన్నరు, నేను సముద్రం చూడలే" అన్నడు. చెరువు ఎండిన ఏండ్లల్ల అందరు మరిచిపోయిండ్రట. నాకు ఆయన మీద కోపం రావాలె, నవ్వొచ్చింది.

వీరస్వామి లేచి "కాశయ్య, వల దించుకో" అన్నడు. మామ ఇంటికొచ్చి వల తీసి చూసిండు. ఎన్ని తీర్ల కుట్టిండంటె కండ్లన్ని చిన్నగైనయి, చిన్న చేప సుత తప్పించుకోలేదు. మీ బాపు వల అడిగి తీసుకున్నడు.

ఇగ నిన్న, మిరుగం. నీ బొమ్మలు తీస్కపోయి బజార్ల గంప వెనక కట్టిన. పురుగు మాట అనకు అన్నవ్, నేనే అన్న. దాస్తె మల్ల అనుమానం అయితది కద. కొన్న ప్రతి ఒక్కరి ముందట పొట్ట కోసి చూపించిన. "గిది టేకు పురుగు, సముద్రంల ఉంటది, కొక్కేలుంటయి. గిది కొంగ పురుగు, తల లేదు, పాపం. ఉంటె తీసేస్తం, లేకపోతె లేదు" అని చెప్పిన. మొదలు సుసన్ననే వచ్చింది, దైవబిడ్డ. ఆమె కొన్నంక లైను పడ్డది. కొందరు కొనకుండ చూసి పోదామని వచ్చి, చూసి, కొని పోయిండ్రు. ఒకామెకు పురుగు ఎల్లలే. "నాకు రాలేదేంది, ఆమెకు చూపించినవ్ కద" అని అలిగింది.

నగేష్ పొద్దెక్కినంక వచ్చిండు. మిరుగం నాడు వాళ్లింట్ల సుత చేప కావాలె కద. "అత్తా, మంచిది చూసియ్యి" అన్నడు. "మా చేపల్ల పురుగులుంటయి బిడ్డా, నువ్వు కోడి తిను" అన్న. తలకాయ దించుకొని నిలబడ్డడు. మల్ల నాకే అనిపించి రెండు రవ్వ చేపలు ఇచ్చిన. పండుగ పూట ఎవ్వలను ఉత్త చేతులతోని పంపొద్దు.

ఊరి పేరు పెట్టుకో అనురాధా. ఇప్పుడు పెట్టుకోవచ్చు. గని పక్కకు సముద్రంది అని పెద్దగ రాయి.

ఇంకొకటి చెప్పి ముగిస్త. మాపటికి గంప దులిపితె పొలుసు తప్ప ఏం లేదు. మిరుగం నాడు మనింట్ల చేప లేకుండ అయింది, ఇది ఎన్నడు కాలే. మామ గాలం పట్టుకొని చెరువు కట్ట మీదికి పోయిండు. చీకటి పడంగ వచ్చిండు, చేతుల ఒక్కటే పరక, చిటికెన వేలంత. నేను పీట వేసుకొని, దీపం దగ్గరికి జరుపుకొని, పొట్ట కోసి, పేగు లోపట చూసిన, పేగు బయట చూసిన. ఏం లేదు.

నాకే జర చిన్నబోయినట్లయింది.

మీ అత్త
ఈదమ్మ